ఏడ్చే పిల్లలకే చోటు

కృపమణికి గొంతు ఉందన్న సంగతే పేటలో చాలామంది మరిచిపోయారు. మైదుకూరు మిషన్ బడిలో చదువుకుంటుండగా తల్లి పోయింది. చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి బడి మానింది. నాన్నతో పాటు కూలికి పోయే రోజుల్లో, చేను గట్టున తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి, వాడికి ఆవగింజంత నల్లమందు నాకించేవారు. అందరూ అదే చేసేవాళ్ళు. బిడ్డ ఏడిస్తే సాలు విడిచి పరుగెత్తాలి, రైతు కసురుతాడు. ఒకనాడు సాయంత్రం ఉయ్యాల విప్పితే తమ్ముడు లేవలేదు. అప్పటినుంచి ఆమె ఎవరితో మాట్లాడినా చూపు నేలమీదే ఉండేది.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు సర్కారు ఆ పేటకు బాలవాడి ఇచ్చింది. చర్చి వసారాలో పెట్టారు. పాలు, ఉప్మా అన్నీ ఉచితం. గ్రామసేవిక తిరుపతమ్మ ఆయాగా కృపమణిని ఎంచితే ఆడవాళ్ళు నవ్వారు.

"ఆ యమ్మి జోలపాట పాడితే పక్కనున్న బిడ్డకు గూడా వినపడదు మే" అంది ఏసుమణి.

నవ్వుతూనే తన కొడుకు లేవిని అందరికంటే ముందు కృపమణి చేతుల్లో పెట్టింది. కృపమణి తల్లుల్ని ఒక్కటే అడిగింది, అదీ గొణుగుతూ: "నల్లమందు మాత్రం మానండక్కా." సరేనన్నారు. మానారు కూడా. వసారా నిండా ఏడుపులే. ఆ ఏడుపులు వింటుంటే ఆమెకు ప్రాణం హాయిగా ఉండేది.

చెనక్కాయ కలుపుల కాలంలో తిరుపతమ్మ ఒక కబురు తెచ్చింది. "రేపు కర్నూలునుంచి ఆఫీసరమ్మ వస్తుంది. పిల్లలు గోల పెడితే ఆయాకు చేతకాదనుకుంటుంది. బాలవాడిని ఇంకో ఊరికి ఎత్తేసినా ఎత్తేస్తారు." ఆమె తల్లులను హెచ్చరించడానికే అన్నది. వాళ్ళు పిల్లల్ని ఎత్తుకొని ఇళ్ళకు పోయారు.

మర్నాడు పిల్లలు చంకల్లో తలలు వాల్చి వచ్చారు. తలలకు నూనె, కళ్ళకు కాటుక. తల్లులు చాపలమీద పడుకోబెట్టి, తిరిగి చూడకుండా చెనక్కాయ చేలకు పోయారు. ఒక్కరూ ఏడవలేదు. భయంతో తెల్లవార్లూ నిద్రలేని కృపమణి, దేవుడే కరుణించాడనుకుంది.

జీపు వచ్చి ఆగింది. ఆఫీసరమ్మ వసారా అంతా కలియజూసింది.

"ఇంత నెమ్మదైన పిల్లల్ని నేను ఏ బాలవాడిలోనూ చూడలేదు. ఏం చేస్తావమ్మాయ్?"

కృపమణి పాలగిన్నె తీసుకొని పిల్లల దగ్గర కూర్చుంది. లేవి పెదవులకు గిన్నె ఆనించింది. పాలు లోపలికి పోలేదు. పెదవి చివరనుంచి చెవి వెనక్కి కారాయి. అరికాలు గిల్లింది. కదల్లేదు. రెప్ప ఎత్తితే కనుపాప సూదిమొనంత ఉంది.

ఆమె పక్క పిల్లను గిల్లింది. ఆ పక్క పిల్లను గిల్లింది. మూలిగారు, కదిలారు, మళ్ళీ వాలిపోయారు. అందరూ అంతే. లేవి ఒక్కడే మూలగను కూడా లేదు.

"జీపు యాడ ఉండాది?"

ఆ కేక ఎవరిదో తిరుపతమ్మకు వెంటనే తెలియలేదు.

"మిగతావాళ్ళను పడుకోనీకండి. మొగాన నీళ్ళు కొట్టండి, ఎత్తుకొని తిప్పండి" అంటూనే కృపమణి బిడ్డతో జీపు ఎక్కింది. ఆఫీసరమ్మ పక్కన కూర్చుంది.

దారి పక్క చేలో ఏసుమణి కలుపు తీస్తోంది. జీపు ఆగగానే, ఎవరూ పిలవకముందే పరుగెత్తుకొచ్చి ఎక్కింది.

"ఎంత ఇచ్చినావక్కా?"

"ఒకసారి ఇచ్చినా. అయినా ఏడుస్తాండాడని ఇంకోసారి." ఏసుమణి కొడుకు పాదాలు పట్టుకుంది. "నీకు మాట రాగూడదనే మే. వీడొక్కడే ఎక్కువ ఏడుస్తాడు గదా, వీడివల్ల నీ పని పోతాదేమోనని."

"అందరూ ఇచ్చినారక్కా. అందరూ ఇదే అనుకున్యారు."

ఏసుమణి తాను వదిలి వచ్చిన చేనుకేసి తిరిగి చూసింది. చేలో తన పక్క సాలులోనే వంగి ఉన్న ఆడవాళ్ళు ఒకరికొకరు ఈ మాట చెప్పుకోలేదు.

మైదుకూరు ఆసుపత్రిలో డాక్టరు పొట్ట కడిగాడు. కృపమణి బిడ్డ పాదాలు గిల్లుతూనే ఉంది, ఎర్రగా కందేదాకా. పొద్దు వాలేవేళ లేవి సన్నగా ఏడ్చాడు. ఏసుమణి కొడుకు తలను ఒడిలోకి తీసుకుంది.

ఆఫీసరమ్మ పొద్దున అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. జీపు ఎక్కుతూ, "బాలవాడి ఎక్కడికీ పోదు. పాలపొడి ఇంకొంచెం పంపిస్తాను" అంది. కృపమణి తల ఊపింది.

మర్నాడు ఆమె వసారా మెట్టుమీద అడ్డంగా నిలబడింది. వచ్చిన ప్రతి బిడ్డ అరికాలూ గిల్లింది. కెవ్వుమంటే లోపలికి తీసుకుంది. ఒక బిడ్డ ఊరికే చూస్తే, మళ్ళీ గిల్లింది.

"బంగారట్టా బిడ్డను ఎందుకు మే ఏడిపిస్తావు?" అన్నారు తల్లులు, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"ఏడవని బిడ్డకు ఈడ చోటు లేదక్కా" అంది కృపమణి. వీధి చివరదాకా వినపడింది.