ఎర్రమ్మ నోట్లో చుట్ట

అరవైల చివర ఒక ఆదివారం నేను కళింగపట్నం వెళ్ళింది సముద్రం చూడ్డానికి కాదు, ఒళ్ళు మండి. పల్లె ఆడవాళ్ళ బొమ్మలు వెయ్యడం నా పని. చేపలు ఎండబెట్టే ఎర్రమ్మ అడ్డపొగ కాలుస్తున్న బొమ్మని, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకున్న బొమ్మని, విజయనగరం ప్రదర్శనకి ఇచ్చాను. కార్యదర్శి సిగరెట్టు దులుపుతూ, "ఛీ, ఆడదానికి చుట్టేమిటమ్మా! అది తీసేస్తేనే గోడమీద చోటు" అన్నాడు. నాకదే మొదటి ప్రదర్శన. నోరు మూసుకుని చుట్టమీద రంగు పూసేశాను. పూర్తయ్యాక చూపిస్తానని ఎర్రమ్మకి మాటిచ్చాను కదా, ఆ మంటతోనే ప్రదర్శన ముందురోజు ఆ బొమ్మా రంగులపెట్టే పట్టుకుని బయల్దేరాను.

పొద్దున్న అయిదున్నరకి విజయనగరంలో బస్సెక్కితే ఎనిమిదిన్నరకి శ్రీకాకుళం. అక్కడ ఇడ్లీ తిని కళింగపట్నం బస్సు పట్టుకుంటే ఇంకో గంటన్నర. రానూపోనూ ఆరు రూపాయల లోపే.

"ఏటమ్మా అది, దేవుడి పటమా?" అన్నాడు కండక్టరు.

"కాదు, చేపలావిడది."

"సేపలదానికి పటమేటి!" అని పగలబడి నవ్వాడు. లాగి ఒకటి ఇవ్వాలనిపించింది.

ఇసుకలో ఎర్రమ్మ చేపలు తిరగేస్తోంది. బొమ్మ చూడగానే మొహం మాడ్చుకుంది.

"నా సుట్టేదే బొమ్మలమ్మా? మూతి సూడు, పన్ను నొప్పెట్టినట్టున్నాది."

నిజమే. చుట్ట తీశాను గానీ, దాన్ని పట్టుకున్న మూతిని అలాగే వదిలేశాను. ఇంత గుడ్డిదాన్నా నేను!

"ప్రదర్శన ఆయన తియ్యమన్నాడు అప్పా," అన్నాను. అక్కడ అక్కని అప్పా అనే పిలుస్తారు.

"ఆడు కాల్సడా?"

"సిగరెట్టు కాలుస్తాడు."

"ఓలమ్మో! ఈ గాలికి నిప్పురవ్వ ఎగిరితే సీర కాలిపోద్ది. అందుకే నిప్పు నోట్లో ఎట్టుకుని రెండు సేతులా పని సేస్తాం. ఆడికేటి తెలుసు! ఆడు తియ్యమంటే నువ్వు తీసేత్తావా?"

ఆ చివరి మాట చెంప ఛెళ్ళుమనిపించింది. అక్కడే కూర్చుని చుట్ట మళ్ళీ వేశాను. "ఆఁ, ఇది నేను" అంది. మధ్యాహ్నం బస్సులో తడిరంగు తగలకుండా బొమ్మని విజయనగరం దాకా ఒళ్ళోనే మోశాను.

మర్నాడు కార్యదర్శి నా బొమ్మని వాకిట్లోంచే తిప్పి పంపేశాడు. అతని మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. నామీద ఉన్నది అంతకంటే ఎక్కువ. ఎవరో కళ్ళెర్రజేస్తే ఆవిడ బతుకు మీద రంగు పూసింది నా చెయ్యే కదా. కళింగపట్నం వెళ్ళేవాళ్ళు గాలి ముదరకముందే, పొద్దున్నే చేరుకోండి. అక్కడ ఎవరి బొమ్మైనా వేస్తే, గోడ ఇచ్చేవాడికంటే ముందు వాళ్ళకి చూపించండి.