ఎండ తగిలిన ఇసక

నాకెవరూ చెప్పలేదు. పాడు చేసింది ఈ చేతులే, కాదనను. కానీ నాకెవరూ చెప్పలేదు. నాలుగు నెలలైనా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా కూతురి కూతురు ఎడారుల గురించి చదువుతోంది. రాజస్థాన్ వైపు ఇసక మేటల్లో, ఎండిపోయిన ఉప్పు చెరువుల్లో గోతులు తవ్వుతుంది. ఏ పొర ఎప్పటిదో చూసి, అక్కడ ఎప్పుడు వానలు కురిశాయో, ఎప్పుడు నీళ్ళు ఇంకిపోయాయో తేల్చే చదువది. ఐదేళ్ళుగా అదే పని. ఈ రెండు ముక్కలూ ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ ఐదేళ్ళలో నాకెవరైనా విడమరిచి చెప్పారా? కూతుర్నడిగితే "నీకు తెలీదులేమ్మా" అంది. అల్లుణ్ణడిగితే నవ్వాడు. "నీకు తెలీదులే" కంటే పెద్ద తిట్టు నేను వినలేదు. తెలీదు గనకే కదా అడిగింది! మూడో తరగతితో బడి మానేశాను, నిజమే. పేపరు చదువుతాను. సంతకం పెడతాను. అర్థమయ్యేలా చెబితే అర్థం చేసుకుంటాను.

పోయిన వానాకాలం చివర ఆ పిల్ల మా ఊరొచ్చింది. మాది విజయనగరం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. తూర్పున ఎర్రదిబ్బ, దాని మీద తాటిచెట్లు, వెనక వాలులో జీడితోటలు. దిబ్బని కోసిన చోట నిలువుగా గోడలా ఉండేది. ఆ గోడకి నాలుగు ఇనప గొట్టాలు సుత్తితో దిగ్గొట్టి, లోపల ఇసకతో సహా ఊడదీసి, రెండు మూతులకీ నల్ల టేపు చుట్టి, నల్ల పాలిథిన్‌లో పెట్టి ఇంటికి తెచ్చింది. అవి లేకపోతే ఐదేళ్ళ చదువుకీ ఆఖరి ముక్క లేదు. గడువు ఈ ఏడాదితో సరి. అంత విలువైన వాటిని నా మంచం కిందకి తోసి, స్నేహితురాలి పెళ్ళికని బొబ్బిలి బయల్దేరింది.

"అమ్మమ్మా, ఆ గొట్టాలు ముట్టుకోకు."

"ఏటున్నాది వాట్లో?"

"ఇసకే."

అంతే. చెప్పులు తొడుక్కుని పోయింది.

మా ఇళ్ళల్లో తడి అంటే దొంగతో సమానం. చింతపండు, ఉలవలు, ఎండుచేప, జీడిపిక్కలు, ఏది దాచాలన్నా ముందు ఎండ చూపించాలి. జీడిపిక్కకి మూడెండలు పడకుండా గోనెలో పోస్తే ఏడాది కష్టం బూజుపాలు. వానాకాలంలో నాలుగు గంటలు ఎండ కాస్తే, దాన్ని ఊరికే పోనిచ్చే ఆడది మా ఊళ్ళో లేదు. మర్నాడు పొద్దున ముసురు వెలిసి ఫెళ్ళున ఎండ కాసింది. ఊడుద్దామని మంచం కింద కవరు బయటికి లాగితే, లోపలంతా చెమట పట్టి నీళ్ళు కారుతున్నాయి. ఇంత కష్టపడి తెచ్చినదాన్ని ఇలా పడేసిపోతుందా, బుద్ధిలేని గుంట అనుకున్నాను.

నల్ల టేపు చిరగకుండా మెల్లగా ఊడదీసి, మళ్ళీ పనికొస్తుందని మంచం కోడుకి అంటించాను. నాలుగు గొట్టాలకీ నాలుగు గోనెపట్టాలు. ఒకదాన్లోది ఇంకొకదాన్లో కలవకూడదన్న తెలివి నాకుంది. గొట్టం మీది అంకె చూసి బొగ్గుతో పట్టా మీద వేశాను. డాబా మీద పరిచి, గంటకోసారి జీడిపిక్కల్ని కలిపినట్టు కాలితో కలియబెట్టాను. జల్లెడ పట్టి గడ్డివేళ్ళు ఏరేశాను. రెండెండలు. తర్వాత దేని ఇసక దాని గొట్టంలోనే పోసి, టేపు చుట్టి, ఎక్కడివక్కడ పెట్టాను. నడుం విరిగిపోయింది.

పిల్ల తిరిగొచ్చి ఒక గొట్టం చేత్తో పట్టుకుని బరువు చూసింది. మొహం మాడిపోయింది.

"ఏటే, అలా సూస్తావు? సెమట పట్టేసినాయి. ఆరబెట్టి పెట్నాను."

"ఎండలోనా?"

"నీడలో ఆరతాదేటి?"

"ఎంతసేపు?"

"రెండెండలు. జల్లెడ కూడా పట్నాను."

అక్కడే నేల మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిచి ఉంటే తిట్టి ఉండేదాన్ని, తిడితే నాకూ సుఖంగా ఉండేది. కూర్చున్న చోటి నుంచే చెప్పడం మొదలుపెట్టింది. ఇసక రేణువు నేలలో పూడిపోయిన దగ్గర్నుంచి, ఆ చీకట్లో కొంచెం కొంచెంగా ఒక గుర్తు కూడబెట్టుకుంటుందట. ఎర్రదీపం పెట్టిన గదిలో దాన్ని తీసి చూస్తే, ఆ రేణువు ఆఖరిసారి ఎండ చూసి ఎన్నాళ్ళయిందో తెలుస్తుందట. మధ్యలో ఎండ తగిలిందా, గుర్తు మొత్తం చెరిగిపోతుంది. లోపల ఎంత తడి ఉందన్నదీ తెలియాలట. మా దిబ్బ గాలి పోసిన దిబ్బట. ఒకప్పుడు వానలు తగ్గి, సముద్రం వెనక్కి పోయి, మా ఊరూ ఎడారి పోలికగానే ఉన్న కాలంలోది. అక్కడి ఎడారి ఎండిన కాలమూ, ఇక్కడ గాలి ఇసక పోసిన కాలమూ ఒకటేనా అన్నదే ఆ పిల్ల తేల్చాల్సింది.

వేల ఏళ్ళు చీకట్లో కూడబెట్టుకున్నదాన్ని నేను రెండ్రోజుల్లో ఆర్చేశాను.

"ఇప్పుడా ఇసకనడిగితే ఏటి సెప్తాది?" అన్నాను.

"మొన్న మంగళారం మా అమ్మమ్మ డాబా మీదున్నానని సెప్తాది."

నవ్వు రాలేదు నాకు. "ఎండ తగలకూడదని ఒక్క మాట సెప్పి పోడానికి నీ నోరేటి అరిగిపోతాదా?"

"నీకర్థం కాదనుకున్నాను అమ్మమ్మా."

"ఒసే, పట్టుసీర ఎండలో ఆరేస్తానా నేను? ఇత్తనం పసుపు ఎండలో పెడతానా? ఎండ దేన్ని తినేస్తాదో నాకు తెల్దా? తెల్దా అంట!"

ఇంతలో వాళ్ళ మాస్టారు ఫోన్ చేస్తే పిల్ల జరిగింది చెప్పింది. ఫోన్లోంచి గట్టిగా వినిపిస్తోంది, పల్లెటూళ్ళో ముసలివాళ్ళ చేతికి శాంపిళ్ళు ఇస్తావా అని. ఫోను లాక్కున్నాను. "బాబూ, ముసల్దాని సేతికి ఇవ్వలేదు. మంచం కిందకి తోసి నోరు కట్టుకుని పోయింది. సేతికిచ్చి సెప్పుంటే ఈ గతి పట్టేది కాదు," అన్నాను.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ గొట్టాలు దింపుదామని ఇద్దరం దిబ్బకి పోయాం. ఆ గోడ లేదు. నాలుగు రోజుల కింద సుత్తి దెబ్బలు పడిన చోట ఇప్పుడు గాలి ఉంది. పొక్లెయిన్ తవ్వుతోంది, రెండు టిప్పర్లు నింపుకుంటున్నాయి. ముందు టిప్పరు డ్రైవరు బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"ఒరే బాబూ, ఎవుడు తవ్వమన్నాడ్రా?"

"మాకేటి తెల్సు మామ్మా. సాలూరు నుంచొచ్చినాం. లోడెత్తమన్నారు, ఎత్తుతన్నాం."

"ఎక్కడికి?"

"లేఔటు సదును సెయ్యడానికి. ఇసకే గదా మామ్మా, బంగారమేటి?"

వాడి మొహం మీద తిట్టడానికి నోరు తెరిచాను గానీ, ఇసకే గదా అని నిన్నటిదాకా అనుకున్నదాన్ని నేనూ. ఆ కోపం కూడా వాడిచేత పనిచేయించేవాళ్ళ మీదికే పోయింది. తవ్వుకోవచ్చని ఏదో కాగితం ఉందట. ఆ కాగితం మీద సంతకం పెట్టినవాడు ఈ దిబ్బని ఒక్కసారి చూశాడా? సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా మా బావుల్లో నీళ్ళు తియ్యగా ఉన్నాయంటే, వానంతా ఈ దిబ్బ తాగి, మెల్లగా వదులుతుంది గనక. అది చెప్పడానికి మాకు చదువు అక్కర్లేదు. మమ్మల్ని అడిగేవాడే లేడు.

పిల్ల దిబ్బ వంక చూడటం మానేసి, వెనక వాలు వంక చూస్తోంది. అక్కడ నా ఎకరం జీడితోట ఉంది. అందులో గునపం దింపడానికి ఎవరినీ రానివ్వలేదు నేను. అల్లుడు బోరు వేస్తానంటే కూడా వద్దన్నాను. తోట కింద ఉన్నదీ ఈ దిబ్బ ఇసకే. పిల్ల అడగలేదు. అడిగితే తిడతానని దానికి తెలుసు.

"తవ్వు," అన్నాను.

"చెట్టు పోతాది అమ్మమ్మా."

"పోతే పోనీ. తక్కువ కాసేది సూసుకో."

అది చూపించింది అన్నిటికంటే బాగా కాసే చెట్టు పక్కన. అక్కడైతేనే పొరలు కదలకుండా ఉంటాయట. పళ్ళు బిగించుకున్నాను. ఇద్దరు కూలీలు రెండ్రోజులు తవ్వారు. నిలువున్నర లోతు. పైన ఎరుపు, దాని కింద పసుపు, అడుగున బూడిద రంగు గట్టిపొర, గెడ్డవాగులో నీళ్ళు ఇంకిపోయాక ఒండ్రు బీటలు తీసినట్టే ఉంది. ఇక్కడ నీళ్ళు నిలిచేవి, ఆ తర్వాతే ఇసక గాలికొచ్చి కప్పేసింది అని గోతిలోంచి అరిచింది పిల్ల. దాని గొంతు అంత సంతోషంగా నేనెప్పుడూ వినలేదు. గొట్టాలు దించుతున్నంతసేపూ గోతి మీద గొంగళి పట్టుకుని నించున్నాను. చేతులు పీకినా దించలేదు. ఆ వారంలోనే చెట్టు గోతిలోకి ఒరిగిపోయింది. దాని కొమ్మలు ఇప్పుడు మా పొయ్యిలో మండుతున్నాయి.

గొట్టాలతో పిల్లని ఒంటరిగా పంపలేదు. విజయనగరం స్టేషన్ దాకా నేనూ వెళ్ళాను. అక్కడ రైల్వే పోలీసు బ్యాగు తెరవమన్నాడు. తెరిస్తే నల్లటేపు చుట్టిన ఇనప గొట్టాలు నాలుగు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏటివి మామ్మా?"

"ఇసక."

"ఇసకైతే మూత తియ్యండి, సూస్తాం." పిల్ల కాలేజీ ఉత్తరం తీసి చూపించింది. వాడు ఉత్తరం చదవకుండానే టేపు కొస గోటితో గీకుతున్నాడు. నేను వాడి చేతి మీద చెయ్యి వేశాను.

"ఆగు బాబూ. ఈ ఇసక భూమిలో పూడిపోయి వేల ఏళ్ళయింది. ఎప్పుడు పూడిందో దాని లోపల రాసుంటాది. ఎలుతురు తగిల్తే ఆ రాత సెరిగిపోతాది. ఎప్పుడు వానలున్నాయో, ఎప్పుడు కరువొచ్చిందో దీన్ని సూసే సెప్తారు. ఒకసారి ఎండబెట్టి పాడుసేసింది నేనే. ఇది రెండోది. మూడోది లేదు, అక్కడ దిబ్బ తవ్వేస్తన్నారు."

వాడు గోరు వెనక్కి తీశాడు. గొట్టం వంక చూశాడు, నా వంక చూశాడు.

"మాది బొబ్బిలి కాడ మామ్మా. మా పొలంలో బాయి తవ్వితే అడుగున నల్లమట్టొచ్చింది, లోపల నత్తగుల్లలు. దాని వయసు కూడా సెప్తారేటి?"

"నన్నడుగుతావేటి? సదూకున్నది అదిగో."

పిల్ల నోరు తెరవబోయి నా వంక చూసింది. తర్వాత మొదలుపెట్టింది, అన్నీ వివరంగా. బండి వచ్చేసరికి బ్యాగు వాడే మోసుకెళ్ళాడు. రైలు పెట్టె ఎక్కేదాకా దాని మాట ఆగలేదు.

ఆ ఇసక ఏం చెప్పిందో ఇంకా తెలియలేదు. పరీక్ష చేసే చోట వరస ఉందట. టిప్పర్లు ఇవాళ కూడా తిరుగుతూనే ఉన్నాయి. వారానికోసారి ఫోన్ చేస్తాను. "ఇంకా రాలేదమ్మమ్మా" అంటే ఫోన్ పెట్టెయ్యను. ఎందుకు రాలేదో, ఎక్కడ ఆగిందో, ఆగిన చోట ఏం చేస్తారో మొత్తం చెప్పించుకుంటాను.