పసుపేనని చెప్పిన రెండు రోజులు

విశాఖలో బీచిరోడ్డు ఎక్కగానే అందరికీ సముద్రం వాసన వస్తుంది. నాకు మాత్రం ఇక్కణ్ణించి పగలంతా రైల్లో వెళ్తే వచ్చే కిరండూల్‌లో మా క్వార్టరు ముందుగది వాసన వస్తుంది. ఇనుప గని ధూళి గుమ్మం దాకా ఎర్రగా పేరుకుని, ఆరేసిన తెల్లబట్టలు ఇటుకరంగు తేలే ఆ కొండల్లో, మా ఇంట్లో గాజుతొట్టి నిండా సముద్రపు నీళ్లు, అందులో నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న రెండు చేపలు. గనిలో మెకానిక్కుగా చేసే నాన్న సెలవుకి విశాఖ వెళ్లినప్పుడల్లా డబ్బాలకొద్దీ ఉప్పునీళ్లు రైల్లో మోసుకొచ్చేవాడు. రైలు సొరంగాల్లో దూరితే చీకట్లో డబ్బాల మూతలు తడుముకుంటూ కూర్చునే ఆయన్ని చూసి తోటి ప్రయాణికులు, "క్యా భాయ్, సమందర్ ఘర్ లే జా రహే హో?" అని, సముద్రాన్నే ఇంటికి పట్టుకెళ్తున్నావా అంటూ ఆటపట్టించేవారు.

ఆ నీళ్లలో అమ్మోనియా పెరిగితే చేపలు బతకవు. అందుకని రోజూ సాయంత్రం గాజుగొట్టంలో కాసిని నీళ్లు తీసి, రెండు సీసాల్లోని మందు ఎనిమిదేసి చుక్కలు వేసి, ఐదు నిమిషాలాగి రంగు చూడాలి. పసుపైతే క్షేమం, ఆకుపచ్చకి తిరిగితే ప్రమాదం. నాన్న కళ్లకి ఆ రెండు రంగులూ ఒకటే. కాబట్టి తొమ్మిదేళ్ల నేనే ఇంటికి పరీక్షాధికారిని. ఆ గర్వంతో కాళ్లు నేల మీద ఆనేవి కావు.

నాన్న తల్లి, మా మామ్మకి మాత్రం అది తొట్టి కాదు, సాక్షాత్తు గంగమ్మ. ఒక అమావాస్యనాడు చలిమిడి ముద్ద చేసి, దణ్ణం పెట్టి, తొట్టి అడుగునున్న రాళ్ల వెనక జారవిడిచింది. నేను చూశాను.

"నానకి సెప్పకే అమ్మా, తిడతాడు," అంది. చెప్పనని ఒట్టేశాను.

మర్నాడు గొట్టం లేత ఆకుపచ్చకి తిరిగింది.

"ఏటే, ఏ రంగు?"

"పసుపే నాన్నా."

ఆ మర్నాటికి రంగు ముదిరింది. మళ్లీ పసుపే అన్నాను. మూడోనాడు పొద్దున చేపలు రెండూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. నాన్న డ్యూటీ బట్టల్లోనే తొట్టి ముందు కూలబడి, "పసుపే కదే? నువ్వు సరిగ్గా చూసేవు కదే?" అని అడుగుతుంటే తట్టుకోలేక బావురుమని నిజం చెప్పేశాను. మామ్మ వంటగదిలోంచి పరుగున వచ్చి, "దాన్నేటీ అనకురా, నేనే ఏసినాను," అంది.

నాన్న పులిసిన పిండిని చేత్తో దేవి పారబోసి, ఇంట్లో మిగిలిన రెండు డబ్బాల నీళ్లూ మార్చాడు. ఘాట్‌లో కొండ విరిగి పట్టాల మీద పడి రైళ్లాగిపోయిన రోజులవి, ఇంకో చుక్క దొరకదు. మధ్యాహ్నానికి ఒక చేప వెల్లకిలా తేలింది. రెండోది బతికింది.

ఆ సాయంత్రం, "లేత ఆకుపచ్చ నాన్నా," అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తలూపి, గొట్టం పట్టుకుని పక్క క్వార్టరు వాళ్లకి చూపించడానికి వెళ్లాడు. చేప పోయినందుకంటే అందుకే ఎక్కువ ఏడ్చాను.

ఇప్పుడు ఆ తొట్టీ లేదు, మామ్మా లేదు, రైల్లో సముద్రాన్ని మోసుకొచ్చే ఓపికా నాన్నకి లేదు. మొన్న బట్టలకొట్లో చొక్కా ఒకటి చేతిలోకి తీసుకుని, "ఏ రంగే ఇది?" అన్నాడు. ఆకుపచ్చని చెప్పాను. సరేనన్నాడు. అని, చొక్కాని కొట్టాయన వైపు తిప్పి మళ్లీ అడిగాడు.