దూరపు సంబంధం

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. కూడబలుక్కుని మొట్టమొదట చదివిన పూర్తి వాక్యం మా ఊరు నగరిలో ఆరోగ్య కేంద్రం గోడ మీద ఉండేది: మేనరికపు పెళ్ళిళ్ళు వద్దు, బిడ్డల బతుకు చెడగొట్టవద్దు. చదివి ఆ గోడ దగ్గరే నిలబడిపోయాను. నన్ను మా అమ్మ తమ్ముడికే ఇచ్చారు. మాకు పుట్టిన మొదటి ఇద్దరూ ఉయ్యాల దాటలేదు. ఎందుకు పోయారో ఎవరూ చెప్పలేదు. నేనూ దేవుణ్ణి తిట్టి ఊరుకున్నాను. మిగిలింది ఒక్క కూతురు.

మేము మగ్గం వాళ్ళం. మా ఇళ్ళలో ఆడబిడ్డ పుడితే పేరు కంటే ముందు మొగుడు ఖాయమవుతాడు. తల్లికి తమ్ముడుంటే వాడే. నాకూ ఒక తమ్ముడున్నాడు, నేను చంకనేసుకుని పెంచినవాడు. నా కూతురు వాడికేనని వీధి వీధంతా తెలుసు. గోడ చదివిన నేను ఇవ్వనన్నాను. మా అమ్మ అప్పటికి బతికే ఉంది. మగ్గం గుంటలోంచే అరిచింది.

"నాలుగు అచ్చరాలొచ్చేసరికి తమ్ముడు చేదైపోయినాడా నీకి? నీ కూతురికి యాడ నుంచి రాజకుమారుడు దిగతాడో నేనూ సూస్తా!"

"రాజకుమారుడు వద్దులేమ్మా. కాళ్ళూ చేతులూ బాగుండే బిడ్డలు పుడితే సాలు నాకి," అన్నాను.

సంబంధం కోసం ధర్మవరం దాకా పోయాం. మా కులమే, మగ్గం పనే. గోత్రం వేరు, ఇంటిపేరు వేరు. పోలీసులు అడిగినట్టు నేనే కూర్చుని తాతల దాకా అడిగాను. ఎక్కడా చుట్టరికం తగల్లేదు. అల్లుడు మంచివాడు, నగరికే వచ్చి మరమగ్గాలు చూసుకుంటున్నాడు. తమ్ముడు కొంతకాలం నా మొహం చూడలేదు. తర్వాత వాడూ పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు.

నా మనవరాలికి నడక ఆలస్యంగా వచ్చింది. వచ్చినా పడేది. నాలుగేళ్ళ పిల్ల నేల మీద నుంచి లేవాలంటే చేతులు మోకాళ్ళ మీద ఆనించి, తర్వాత తొడల మీద ఆనించి, తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టు లేచేది. ఎముకల్లో బలం లేదనుకుని పుత్తూరు తీసుకుపోయాం. కాలో చెయ్యో ఆడకపోతే మాకు తెలిసిన దారి అదొకటే. కట్టు కట్టే పెద్దాయన రెండు కాళ్ళూ మెల్లగా తడిమి చూసి, చేతిలో గుడ్డ పక్కన పెట్టేశాడు.

"ఎముక ఇనుము మాదిరి ఉండాదమ్మా. తేడా కండలో ఉండాది. ఈడ నేను కట్టేదానికేమీ లేదు. తిరుపతికి ఎత్తుకుపోండి."

తిరుపతి పెద్దాసుపత్రిలో పాప రక్తమూ, తల్లిదండ్రుల రక్తమూ తీసి ఎక్కడికో పంపించారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. కండలు పోనుపోను బలం తగ్గే జబ్బు. ఇప్పటికి మందు లేదు. తల్లిలో ఒక లోపం దాగి ఉంది, తండ్రిలోనూ అదే లోపం దాగి ఉంది. ఒక్కటే ఉంటే ఏమీ కాదు, అందుకే వాళ్ళిద్దరూ బాగున్నారు. పాపకు రెండు వైపుల నుంచీ వచ్చింది.

"మేనరికమా అవ్వా?"

"కాదమ్మా! అది వద్దనే కదా కన్నతల్లితో కొట్లాడినాను. అల్లుడిది ధర్మవరం. గోత్రం కూడా కలవదు."

"గోత్రం నాయన వైపే చూస్తుందవ్వా. ఇది అమ్మ వైపు నుంచి కూడా వస్తుంది," అంది ఆమె. ఇప్పుడు జన్యువుల మీద పరిశోధన చేసేవాళ్ళు కనుక్కుంటున్నదేమంటే, మన దేశంలో చాలా కులాలు ఏనాడో కొద్దిమందితో మొదలయ్యాయట. ఆ కొద్దిమందిలో ఒకరికి ఇటువంటి లోపం ఉంటే, బయటికి పోకుండా తరతరాలుగా తమలో తామే ఇచ్చిపుచ్చుకోవడంతో అది చాలామందిలోకి పాకిందట. "ఊళ్ళు దూరం గానీ, మీ రెండిళ్ళూ దూరం కాదు. మీ ఒక్క కులమే కాదు, ఇట్లాంటివి చాలా ఉన్నాయి."

"ఆ ఒక్కరు ఎవురమ్మా?"

"ఎవరికీ తెలీదవ్వా. ఎన్నో వందల ఏళ్ళ కిందటి మనిషి. ఆ మనిషికీ ఏ జబ్బూ ఉండి ఉండదు."

జీవితమంతా ఎవరో ఒకరిని తిట్టి బతికినదాన్ని. ఆ గదిలో నాకు తిట్టడానికి మనిషి దొరకలేదు.

పిల్లలున్న దగ్గరి చుట్టాలు కూడా పరీక్ష చేయించుకుంటే మంచిదని ఆమె చెప్పింది. తమ్ముడు ఇద్దరు కూతుళ్ళ కోసం రక్తం ఇచ్చి వచ్చాడు. కొన్నాళ్ళకు మా వాకిట్లోకి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నిలబడ్డాడు.

"అక్కా, నాకు లేదంట," అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు తలవంచుకుని.

నా కూతురు పాపకు తల దువ్వుతోంది. దువ్వెన ఆగింది. మళ్ళీ కదిలింది. "మంచిది మామా. పిల్లకాయలకి ఇంక బయం లేదు," అంది.

ఇద్దరిలోనూ ఉంటేనే బిడ్డకు వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. వాడిలో లేదు. అంటే వాడికే ఇచ్చి ఉంటే ఈ జబ్బు వచ్చేది కాదు. ఇంకేదైనా వచ్చేదేమో, అది ఎవరూ చెప్పలేరు. గోడ మీద రాసింది అబద్ధం కాదు. దగ్గరివాళ్ళను చేసుకుంటే ముప్పు ఎక్కువేనని డాక్టరమ్మ కూడా అంది. మిగతాది రాయడానికి గోడ చాల్లేదేమో. కూతురు నన్ను ఒక్క మాట అనింటే బాగుండేది. మా అమ్మ లాగా అరిచినా, ఎదురు చెప్పేదాన్ని. అది ఇంతవరకూ అనలేదు.

మా ఇంటికి వీధిలో నుంచి మూడు మెట్లు. పోయిన వానాకాలం దాకా పాప గోడ పట్టుకుని ఎక్కేది. ఇప్పుడు ఎక్కలేకపోతోంది. తల్లీ తండ్రీ పనికి పోతే మేమిద్దరమే. నిన్న ఆటో దిగి, కింది మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం.

"ఎత్తుకోలేవా అవ్వా?"

"లేనే. నడుము పట్టేస్తాది."

"నీకీ జబ్బేనా?"

"నాది ముసిలితనం."

"తగ్గతాదా అది?"

"తగ్గదు."

"నాదీ తగ్గదంట," అంది, తనకు తోడు దొరికిందన్నట్టు, నా మోకాలి మీద తట్టి.

ఎదురింట్లో తమ్ముడి మరమగ్గం ఆడుతోంది. ఆ చప్పుడులో కేకేసినా వాడికి వినపడదు. అది ఆగితే వాడొచ్చి ఎత్తుకుంటాడు. పాప ఆ వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. నేనూ చూస్తూ కూర్చున్నాను.