ఇంకొక్కరు రానీ

ఆ పొద్దున కోహీర్ ఆటో అడ్డా మీద నేను పోగొట్టుకున్నవి నలభై నిమిషాలు, జహీరాబాద్‌లో ఎక్కాల్సిన హైదరాబాద్ బస్సు, కంటి దవాఖానలో అమ్మ వంతు. ఆ వంతు మళ్లీ మూడు నెలలకు వచ్చింది. అప్పటికే అమ్మకు ఎడమ కన్ను పోయింది.

ఆటోలో అమ్మా నేనూ తొందరపడుతున్నా డ్రైవర్ కదల్లేదు. “జర ఆగు అన్నా, ఇంకొక్కరు రానీ” అంటూ బీడీ కాల్చాడు.

ఇప్పుడు వెతికి మరీ అతని ఆటోనే ఎక్కుతాను. జహీరాబాద్ బస్టాండు ముందు దిగి, కిరాయి మొత్తం రూపాయి బిళ్లల్లో ఒక్కొక్కటిగా అతని చేతిలో పెడతాను. వెనక లారీలు హారన్ కొడుతుంటాయి.

“జల్ది ఇయ్యు అన్నా, గిరాకి పోతున్నది!”

“జర ఆగు తమ్మీ, ఇంకొక్కటి రానీ.”

విడతకు రెండు నిమిషాలు వసూలవుతాయి. పదమూడు విడతలయ్యాయి. అమ్మ కన్ను ఈ లెక్కలో వేయలేదు, దాన్ని అతను తీర్చలేడు. నిమిషాలైతే ఇంకా పద్నాలుగు బాకీ.