చూడ్డానికి పోయే దారి

తిరుత్తణిలో బస్సెక్కి పళ్ళిపట్టు రోడ్డులో దిగి, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు నడిస్తే ధనమ్మ వాళ్ళ వీధి వస్తుంది. అన్నీ నేతగాళ్ళ ఇళ్ళే. పలకరింపులు తెలుగులో, బేరాలు తమిళంలో. ధనమ్మకు యాభై మూడేళ్ళు. మొగుడు నటరాజుతో కలిసి లుంగీలు నేస్తుంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టే ముందు, తెల్లవారుతుండగా రోజూ ఒక గంట నడిచి వస్తుంది. ఆమె గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఈ ఒక్క సంగతే. ఊరివాళ్ళకు మింగుడుపడనిది కూడా ఇదే.

డాక్టరు చెబితే నడవడం అందరికీ అర్థమవుతుంది. షుగరు ఉన్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు చేతులూపుకుంటూ రోడ్డు మీద పోతుంటే ఎవరూ ఏమీ అనరు. ధనమ్మకు ఏ రోగమూ లేదు. గడ్డికి పోదు, ఎందుకంటే ఆవు లేదు. పొలానికి పోదు, ఎందుకంటే సెంటు భూమి లేదు. మరి ఈ మనిషి పొద్దున్నే వీధి చివర బండిబాట పట్టుకుని ఒంటరిగా ఎక్కడికి పోతున్నట్టు? ఎదురింటి సుమతి ఉండబట్టలేక ఒకనాడు అడిగేసింది.

"అక్కా, దినామ్మూ యాడికి పోతాండావు?"

"బండల దాకా."

"ఆడేముండాది?"

"చూసేదానికి పోతాండా."

"ఏం చూసేదానికి?"

"ఏముంటే అది."

సుమతి ఆ మాటను వీధంతా మోసింది. ధనమ్మ ఆపమనలేదు. అబద్ధమైతే కదా దాచుకోవడానికి.

ఈ నడక మొదలైంది లాక్‌డౌన్‌లో. నూలు రాలేదు, మగ్గం ఆగిపోయింది, రోడ్డెక్కితే పోలీసులు లాఠీ చూపించేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె వెంట తిరిగిన కళ్ళకు ఉన్నట్టుండి పని లేకుండా పోయింది. నాలుగో రోజు ధనమ్మ, "ఇంట్లో కూచుంటే నాకు పిచ్చి పడతాది మామా," అని నటరాజుకు చెప్పి, పోలీసులు రాని ఈ బండిబాట పట్టింది. దారికి రెండు పక్కలా కానుగ చెట్లు. ఎండాకాలం మొదట్లో ఆ పూలు రాలి బాట మీద బొరుగులు చల్లినట్టు పడి ఉన్నాయి. కాలు పెట్టడానికి మనసొప్పక ఆమె పక్కన మట్టిలో దిగి నడిచింది. ఆ ఊరికి కోడలుగా వచ్చి ముప్పై రెండేళ్ళయినా, ఇంటికి ఇంత దగ్గర్లో ఇది ఉందని తెలియకపోయినందుకు సిగ్గేసింది, ఆ తర్వాత కోపమొచ్చింది. ఇన్నాళ్ళూ నన్నెవరు చూడనిచ్చారు, అనుకుంది. ఆ కోపమే మరునాడూ ఆమెను లేపింది.

నడిచేకొద్దీ కళ్ళు తెలివిమీరాయి. నగరి కొండలు సూర్యుడు రాకముందు బూడిద రంగులో ఉంటాయనీ, వచ్చే ముందు కాసేపు మాత్రం జామపండు లోపలి రంగుకు తిరుగుతాయనీ, ఒక ముగ్గు వేసేంతసేపట్లో ఆ రంగు పోతుందనీ కనిపెట్టింది. బండ మీది తొండకు ఏ నెలలో మెడ ఎర్రబడుతుందో తెలిసింది. తొలివాన పడిన మరునాడు ఎర్ర ముఖమల్ లాంటి ఆరుద్ర పురుగు కనబడితే, అగ్గిపెట్టెలో పెట్టుకుని రంగులద్దే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయింది. "ఈ ఎరుపు రావాలంటే ఏం కలపాల?" అని అడిగింది. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి చూసి, "ఆ డబ్బా నాకాడ లేదమ్మా," అన్నాడు. ఆమె దాన్ని మళ్ళీ అదే చోట వదిలిపెట్టి వచ్చింది. ఇందులో దేనివల్లా లుంగీకి ఒక్క కొత్త గడి రాలేదు. గళ్ళు నూలిచ్చి నేయించే మేస్త్రీ చెప్పినవే, రంగులు మేస్త్రీ ఇచ్చినవే. చూసింది చూసినట్టే ఆమె దగ్గర ఉండిపోయింది. ఆమెకు కావలసిందీ అదే.

నటరాజు మొదట గొణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు. "మా ఇంటి కలెక్టరమ్మ తనిఖీకి పోయినాది," అని కాఫీ కలుపుకొనేవాడు.

ఐదేళ్ళు ఇలా గడిచాక, మొన్న ఫాల్గుణంలో బండిబాటకు గేటు పడింది. బాటకు అటూ ఇటూ ఉన్న వేరుశనగ చేలను చెన్నై కంపెనీ ఒకటి కొని, రాళ్ళు పాతి, ముళ్ళతీగ చుట్టి, వీధి చివరనే ఇనుప గేటు పెట్టి తాళం వేసింది. పక్కనే పెద్ద బోర్డు. 'ప్రకృతి ఒడిలో మీ సొంత జాగా' అని తమిళంలో రాసి, కింద జలపాతం, జింక బొమ్మలు వేశారు. ఆ చుట్టుపక్కల జలపాతం ఎవరూ చూడలేదు. ఉన్న కానుగ చెట్టు మాత్రం బోర్డులో ఒక్కటీ లేదు.

ధనమ్మ మరునాడు తీగ కింద నుంచి దూరి పోయింది. రవిక చినిగింది, వీపు గీరుకుంది. బండల దగ్గర సైటు మేనేజరు శ్యామ్‌సుందర్ ఎదురయ్యాడు. ముప్పై ఏళ్ళవాడు, చెన్నై శివారు పట్టాభిరామ్ నుంచి బైకు మీద వస్తాడు.

"పెద్దమ్మా, ఈడికి రాకూడదు. ఇది ప్రైవేటు."

"ఈ బాట మా అత్తకాలం నుంచి ఉండాది నాయనా."

"ఉంటే ఉండనీ. నీకీడ ఏం పని?"

పని! ఆ మాట ఆమెకు ముల్లుకన్నా లోతుగా దిగింది. బీదవాళ్ళు ఎక్కడ నిలబడినా ఒక పని చూపించాలి కాబోలు. ఊరికే నిలబడి కొండను చూసే హక్కు స్థలం కొనుక్కున్నవాళ్ళదన్నమాట. తిరుగుదారిలో ఆమె ఏడ్చింది. ఇంటికి చేరేసరికి ఏడుపు అయిపోయి పట్టుదల మిగిలింది.

గ్రామ పరిపాలనాధికారి దగ్గరికి పోయింది. ఆయన మంచివాడే, భయస్తుడు. పటం తీసి వేలు పెట్టి చూపించాడు. గీత స్పష్టంగా ఉంది, వండిపాదై, అంటే బండిబాట, ఎవరి పట్టా కాదు, అందరిదీ.

"అయితే గేటు తీయించండి సార్."

"అర్జీ రాయించు. దారి ఎందుకు అవసరమో అందులో ఉండాల. మాడు మేపేదానికి అని రాస్తే సరిపోతాది."

"నాకు ఆవు లేదు."

"కట్టెలకు అని రాయి."

"మాకు గ్యాసుండాది సార్. నేను చూసేదానికి పోతా. అట్లనే రాయండి."

ఆయన కలం కింద పెట్టాడు. అలా రాస్తే తాలూకా ఆఫీసులో నవ్వుతారన్నాడు. నవ్వనీ సార్, నవ్వేవాళ్ళను ఒకసారి పొద్దున్నే రమ్మనండి, నేను తీసకపోతా, అంది. రాశాడు పాపం. అర్జీ పోయింది, నెలయినా జవాబు రాలేదు. ఒక్క అబద్ధం ఆడి ఉంటే పని జరిగేదేమోనని నటరాజు అన్నాడు. ధనమ్మ అతనికి వీపు తిప్పి మగ్గం గుంటలోకి దిగింది.

ఇక్కడ పడుగు సంగతి చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలన్నిటినీ వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, తెగిన పోగుల్ని ముడివేసి ఆరబెడతారు. దీన్ని అక్కడ పావు వేయడం అంటారు. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ఒక్క ఇంటివల్ల కాదు, కనుక ఎవరి పావు అయినా వీధంతా చేయి వేస్తుంది. జగడాలున్నా సరే, పావుకు పిలిస్తే రాననకూడదు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. చాపిన పావును ఎవరూ దాటరు, బండి తోలరు. పెళ్ళివారి కారైనా ఆరేదాకా ఆగవలసిందే.

చైత్రంలో ఒక శనివారం సాయంత్రం ధనమ్మ ఇంటింటికీ పోయి పిలిచింది. "రేపు మా పావు. వీధిలో కాదు, బండిబాట మొగదల కానుగ నీడలో."

సుమతి కళ్ళు పెద్దవి చేసింది. "గేటుకాడనా అక్కా? రేపు ఆదివారం, ప్లాట్లు చూసేవాళ్ళు వస్తారు."

"రానీ."

"నీకు పావు కావాల్నా, జగడం కావాల్నా?"

"రెండూ కావాల. వస్తావా, రావా?"

రాననడానికి లేదు. లోపల ఎంత తిట్టుకున్నారో గానీ, తెల్లారి ఐదింటికి వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వచ్చాడు. పడుగు ఒక కొసను నటరాజు గేటు ఊచలకే బిగించాడు. ముడి గట్టిగానే వేశాడు. రెండో కొస గేటు ముందున్న కానుగల కింద నుంచి వీధి చివరి ఇంటి దాకా పోయింది. గంజి వాసన, కుంచెల చప్పుడు, కానుగ పూలు తడి దారాల మీద రాలడం, వాటిని ఏరలేక ఆడవాళ్ళ విసుగు.

ఏడున్నరకు చెన్నై పక్క ఆవడి నుంచి ప్లాట్లు కొనేవాళ్ళ వ్యాను వచ్చింది. ముందు బైకు మీద శ్యామ్‌సుందర్. డ్రైవరు హారను కొట్టాడు. ఎవరూ తలెత్తలేదు. శ్యామ్‌సుందర్ దిగి వచ్చి, అరవబోయి, దారాలు చూసి ఆగాడు. గేటుకు దారాలు కట్టారని యజమానికి ఫోను చేశాడు, అవతలి గొంతు పక్కవాళ్ళకు కూడా వినబడుతోంది. కత్తిరించి పక్కకు లాగి వ్యానును లోపలికి పోనివ్వమంటున్నాడు.

"సార్... పావు సార్," అన్నాడు శ్యామ్‌సుందర్.

అవతలివాడికి అర్థం కాలేదు. ఏంటది, దారమేగా, కత్తి లేదా, అని తిట్టాడు. శ్యామ్‌సుందర్ ఫోను చెవి నుంచి దించాడు. అతని కాళ్ళ దగ్గర ఒక పోగు తెగి వేలాడుతోంది. వంగాడు, రెండు కొసలూ బొటనవేలి కింద కలిపి, నలిపి, క్షణంలో ముడివేశాడు. ఆ ముడి ఎవరూ బళ్ళో నేర్పరు. చూస్తున్న ముసలివాళ్ళందరికీ ఆ కుర్రాడు నేత ఇంటివాడని అర్థమైంది.

"మీ నాయన మగ్గం యాడుండాది?" ధనమ్మ అడిగింది.

"ఇప్పుడు లేదు పెద్దమ్మా. అమ్మేసినాడు. నన్ను చదివించేదానికి."

ఆమెకు జాలేసింది. దారి వదిలేటంత కాదు.

ఈలోగా వ్యానులోంచి ఒకామె దిగింది, చేతిలో ఆ జింక బొమ్మ కాగితం. ఎందుకు ఆపారని తమిళంలో అడిగింది. ధనమ్మ తమిళంలోనే చెప్పింది. ఈ బాట అందరిదీ, పటంలో ఉంది, నేను రోజూ కొండ చూడ్డానికి పోతాను, పోనివ్వడం లేదు. మీరు కొనబోయేది కూడా చూడ్డానికే గదా? ఆమె కాగితం మడిచి, ఊరి పటం చూపించమని శ్యామ్‌సుందర్‌ని అడిగింది. వెనక దిగిన నలుగురూ అదే అడిగారు. పటం చూడకుండా అడ్వాన్సు ఇచ్చేది లేదన్నారు.

శ్యామ్‌సుందర్ చెట్టు చాటుకు పోయి చాలాసేపు ఫోను మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి మొహంలో కొంచెం వెలుగు.

"ఓనరు ఒప్పుకున్నాడు పెద్దమ్మా. దినామ్మూ ఐదు నుంచి ఆరున్నర దాకా నిన్ను లోపలికి వదిలేదానికి. నీ పేరుతో కార్డు కూడా ఇస్తారంట. నీకొక్కదానికే."

వీధి ఆడవాళ్ళు ధనమ్మ వైపు చూశారు. సుమతి మోచేత్తో పొడిచింది, ఒప్పుకో అన్నట్టు. ధనమ్మకు ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజం. రేపే పోవచ్చు, కొండ రంగు తిరిగే వేళకు బండల మీద ఉండవచ్చు. ఆ ఆశ పుట్టినందుకు తన మీద తనకే మంట పుట్టింది.

"నాది నాకిచ్చేదానికి కార్డా?" అంది. "నేను చూసేటప్పుడు మీ ఓనరు గడియారం పట్టుకుంటాడా? నాకొద్దు. ఇదో ఈ సుమతి పోవాల, ఆ వ్యానులో వచ్చినామె పోవాల, నువ్వూ పోవాల. పని ఉండేవాళ్ళూ పోవాల, లేనివాళ్ళూ పోవాల."

"నా ఉద్యోగం పోతాది పెద్దమ్మా."

"పటంలో ఉండే దారి తెరిస్తే ఉద్యోగం ఎట్ల పోతాది? పోతే నాకాడికి రా, మీ ఓనరుతో నేను మాట్లాడతా."

ఆమె మాట్లాడుతుందనే నమ్మకం అతనికి కలిగినట్టుంది. పడుగు ఆరింది. నటరాజు గేటు ఊచల నుంచి ముడి విప్పాడు. శ్యామ్‌సుందర్ జేబులోంచి తాళంచెవి తీసి తాళం తెరిచి, గేటు రెండు రెక్కలూ తోసి పక్కకు తప్పుకున్నాడు.

ధనమ్మ కదల్లేదు.

"తాళం కాదు నాయనా, గేటే పీకేయ్. మా వీధిలో నలభై రెండు మగ్గాలుండాయి. దినానికొక పావు ఈడనే వేస్తాం."

శ్యామ్‌సుందర్ పడుగు చుడుతున్న మనుషులందరినీ ఒకసారి చూశాడు. సుమతి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, "రేపు మాది," అంది గట్టిగా. అతను బైకు పెట్టెలోంచి స్పానరు తీశాడు. బోల్టులు కొత్తవి, తొందరగానే ఊడాయి. ఒక రెక్కను అతను, నటరాజు కలిసి ఎత్తారు, రెండోదాన్ని ఆడవాళ్ళు ఎత్తి కంచె పక్కన పడేశారు.

ఆ రోజు ధనమ్మకు నడవడానికి తీరలేదు, పడుగు మగ్గానికి ఎక్కించాలి. మరునాడు తెల్లవారుతుండగా చెప్పులేసుకుని బయటికొచ్చింది, ఎక్కడికి, ఎందుకు అని ఎవరికీ చెప్పే పని లేకుండా, గేటు లేని బాట వెంట బండల వైపు పోయింది.