పోశం కాక ఆకుల పరీక్ష

మా పోశం కాకకు ఆకు కనిపిస్తే చాలు, తెంపి గ్లాసులో నానేస్తాడు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు గనిలో నీళ్లు తోడే పంపు నడిపి రిటైరయ్యాక, కమాన్‌పూర్ దగ్గర రెండెకరాల్లో మక్కజొన్న వేశాడు. పెద్దపల్లిలో రైతుల క్లాసుకు పోతే, అక్కడి సారు చెప్పిన ముక్క ఒకటి ఆయన్ని పట్టుకుంది. ఆకులోని ప్రతి కణానికీ సన్నటి పొర ఉంటుందట. ఆ పొరలోని ఎంజైములు పంపుల్లా పనిచేస్తూ లవణాలను లోపలే నిలుపుతాయట. నీళ్లు కరువైతే అవి నీరసపడతాయి, పొర దెబ్బతింటుంది, లవణాలు బయటికి కారిపోతాయి.

"ఎంజైములంటే మనోళ్లేరా! పంపు డ్యూటీ చేసెటోళ్లు!" అంటూ ఆ రోజే గని ఎలక్ట్రీషియన్నైన నా దగ్గర మీటరు పట్టుకుపోయాడు. బ్యాటరీలో పోసే నీళ్లలో ఆకుముక్కలు నానేసి, రెండు గంటలయ్యాక తీగలు ముంచుతాడు. లవణాలు కారితే నీళ్లలో కరెంటు పారి మీటరు ముల్లు లేస్తుంది. ఎంత లేస్తే పైరు అంత పాడైనట్టు.

ఇంట్లో చాయ్ గ్లాసులన్నీ ఆకులపాలయ్యాయి. ఓసారి వియ్యంకుడు రాయమల్లు దాహమేసి ఒకటి ఎత్తి తాగేశాడు.

"అయ్యో బావా, ముల్లు చూడకముందే తాగితివి!" అని కాక లబోదిబోమన్నాడు.

"మనిషి పాణం కన్నా నీకు ఆకే ఎక్కువైందా?" అని సారవ్వ చిన్నమ్మ గరిటె ఎత్తింది.

రెండువేల తొమ్మిదిలో వాన మొఖం చాటేసింది. కాకకూ పక్కచేను లింగవ్వకూ ఒకటే బావి. అందులో ఒక్క చేను తడవడానికే నీళ్లున్నాయి. కాకకు పింఛనన్నా ఉంది, లింగవ్వకు ఆ మక్కే ఏడాది తిండి. అయినా అడుక్కోవడం ఆమెకు చేతకాదు.

"మీటరు ఏది చెప్తే గదే, పోశన్నా. బతికే చేనుకే నీళ్లు పెడదాం" అంది.

రెండు చేలలోంచీ ఆకులు తెచ్చి నానేశారు. కాక మీటరును తనవైపే తిప్పుకుని, నన్ను దగ్గరికి రానివ్వలేదు. చూసి తల పట్టుకున్నాడు.

"నా చేన్ల పంపులన్నీ బందైనయి, లింగవ్వా. నువ్వే పెట్టుకో."

ఆమె మోటరు వేయడానికి ఉరికింది. నాకు అనుమానమొచ్చి తీగలు మళ్లీ ముంచాను. లింగవ్వ గ్లాసులో ముల్లు కొంచెం లేచింది. కాక గ్లాసులో అంతకంటే తక్కువే లేచింది.

"కాకా, నీ చేనే ఇంకా మంచిగున్నది గదా!"

"నీ మీటరు ఖరాబైంది."

"పొద్దున్నే కదా నేను చెక్ చేసిన..."

"లొల్లి చెయ్యకు! ఆమె వింటే మోటరు బంద్ జేస్తది" అంటూ కాక నా చేతిలో కొడవలి పెట్టాడు. "జల్ది నడువ్. నా చేను పచ్చగున్నదని ఆమె చూడకముందే గడ్డికి కోసెయ్యాలె."